కంపు పోయేదాకా గోడ ఆరనట్టే

రాసుకుంటున్నావా అమ్మడూ? అయితే ముందు ఇదే రాయి. మట్టి గోడ కంపు కొడుతుంది.

నువ్వు మొన్న మూడు రోజులు ఎక్కడికో వెళ్ళి మట్టిల్లు కట్టడం నేర్చుకొచ్చానని ఫోటోలు చూపించావు చూడు, అందులో అందరూ బుగ్గలకి మట్టి పూసుకుని నవ్వుతున్నారు. ఒక్కళ్ళయినా ముక్కు మూసుకోలేదు. అప్పుడే అనుకున్నాను, అది అడుసు కాదు, ఉత్తి బురద అని. కుళ్ళని మట్టితో గోడ పెట్టడం ఏంటి? సరే, అడిగావు కాబట్టి చెప్తాను. అన్నాలు తిన్నాక అడిగావు, నయం. తినకముందయితే చెప్పేదాన్ని కాదు.

నేను నరసాపురంలో పుట్టాను కదా. మా నాన్నది చేపల వ్యాపారం. గంపల్లో ఐసు పెట్టి రైలుకి ఎక్కించేవాడు. పెంకుటిల్లు, సిమెంటు గచ్చు. చేపలవాళ్ళ ఇల్లు వాసనొస్తుందని ఎవరూ అనకూడదని మా అమ్మ పంతం. రోజుకి రెండు సార్లు ఫినాయిలు వేసి తుడిచేది. మా ఇంటికొచ్చినవాళ్ళకి ఆసుపత్రికొచ్చినట్టుండేది. నేనూ అలాగే తయారయ్యాను. చేతులు వాసన చూసుకోకుండా కంచం ముందు కూర్చునేదాన్ని కాదు. పెళ్ళికి సారె పెడుతుంటే అందులో రెండు ఫినాయిలు సీసాలు కూడా పెట్టించుకున్నాను. నవ్వకు, నిజం.

ఇచ్చింది ఎక్కడికి? రేవు దాటి, అవతల ఇసకలో కాళ్ళు పీక్కుపోయేలా నడిస్తే వచ్చే చేపలపేటకి. డెబ్బైలు అయిపోయి ఎనభైలు వస్తున్న రోజులు. మీ తాతయ్య వాళ్ళది చుట్టిల్లు. బోర్లించిన గంపలాగ గుండ్రంగా ఉండేది. చుట్టూ మట్టి గోడ, పైన తాటాకు. ఆ తాటాకు నడుం దాకా దిగి ఉండేది, వంగితే గానీ లోపలికి వెళ్ళలేం. గాలికి పట్టుకోవడానికి మూల దొరక్కూడదు, అందుకే గుండ్రంగా కడతామని మా అత్త చెప్పేది. నాకేమో మూల లేకపోతే చీపురు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

శుక్రవారం వచ్చిందంటే మా అత్త పేడ కలిపి నేలంతా అలికేది. ఒట్టి చేత్తో. ఆ చెయ్యి ఇంత నీళ్ళతో కడిగేసి "రా కోడలా, చల్దన్నం తిందువుగాని" అనేది. నేను ఆకలి లేదనేదాన్ని. శుక్రవారం నాకు ఆకలేసేది కాదని పేటంతా చెప్పుకునేవాళ్ళు. ఏదో నోము పడుతున్నాననుకున్నారంట కొంతమంది.

పెళ్ళయిన నాలుగైదేళ్ళకి, కార్తీకంలో గాలివాన వచ్చింది. గాలికి ఇల్లు కదల్లేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. నీళ్ళకి పోయింది. సముద్రం నీళ్ళు వచ్చి రెండు రోజులు నిలబడిపోయేసరికి గోడ మొదలు నానిపోయి, గేదె కూర్చున్నట్టు ఒక పక్కకి కూర్చుండిపోయింది. పేటలో సగం ఇళ్ళు అంతే. మీ పెద్దత్తకి అప్పుడు మూడేళ్ళు, దాన్ని తీసుకెళ్ళి నరసాపురంలో మా అమ్మ దగ్గర ఉంచేశాం. మీ తాతయ్యా, మా అత్తా, నేనూ ముగ్గురం వలలు పెట్టుకునే తాటాకు పాకలో తల దాచుకున్నాం. పైన కప్పు ఒక వరస, పక్కన గోడ అంటూ లేదు. అందులోనే వలలు, అందులోనే ఎండు చేపల గంపలు, అందులోనే మేము. గాలివాన నాటికే మీ నాన్న నా కడుపులో ఉన్నాడని తరవాత తెలిసింది.

మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తింట్లో. మా వాళ్ళ పద్ధతి అది. మా అత్త వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఆషాఢంలో కాన్పు. మృగశిరకి వానలు పడతాయి. ఈలోగా ఇల్లు లేవాలి, లేవడం కాదు, ఆరాలి" అంది. మీ తాతయ్య, నాలుగు తాటాకులు అడ్డం కడితే సరిపోదా అన్నాడు. మా అత్త ఆయన వైపు చూసిన చూపుకి లేచి పార వెతుక్కుంటూ పోయాడు. ఎందుకో నాకప్పుడు తెలీదు.

ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదా, అప్పుడు కాలవ అడుగు మట్టి తవ్వుకోవచ్చు. మా పేట మట్టి పనికిరాదు, అంతా ఉప్పు. రెండెడ్ల బండి మీద మట్టి వచ్చింది. మా అత్త ఏం చేసిందో తెలుసా? ప్రతి గంపలోంచీ చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. ఉప్పుందేమోనని. కాలవలో ఏమేం కొట్టుకొస్తాయో నాకు తెలుసు, మా అమ్మ వాళ్ళ ఇంటి వెనక పారేది ఆ కాలవే. చప్పరించి, ఉమ్మేసి, "ఇది బాగుంది. ఆ రెండు గంపలూ అవతల పోసెయ్యి" అంటోంది. నేను కొబ్బరిచెట్టు చాటుకి పరిగెత్తాను.

పాక పక్కనే గొయ్యి తవ్వించింది. పది అడుగుల దూరంలో నా పొయ్యి. గోతిలో మట్టి పోసి, మంచినీళ్ళు పోసి, అందులో ముక్కలు చేసిన ఎండుగడ్డి, ఊక, పేడ, ఆవు పంచితం, దంచిన కలబంద, అన్నీ వేసింది. వేసి ఊరుకుంది. అదే పని. ఊరుకోవడం. పదిహేను రోజులు కుళ్ళాలంట.

నాలుగో రోజుకి మొదలైంది. నేను చేపలవాళ్ళింట్లో పుట్టినదాన్ని, ఎండ్రొయ్యల పొట్టు కుళ్ళినా నాకేం కాదు. ఇది వేరు. పేడ కంపు, చచ్చిన నాచు కంపు, పుల్లటి కంపు, మూడూ కలిసి గొంతులోకి దిగేది. పులిసిన దోసెల పిండిలాగ పైన బుడగలు. బుడగ పగిలిందంటే మళ్ళీ ఒక పొర. తెల్లటి పురుగులు. ఈగలు నా అన్నం గిన్నె మీద ఒక కాలు, గోతిలో ఒక కాలు. మా అత్త రోజూ పొద్దున్నే మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక గడ్డిపోచ పైకి లాగేది. వేళ్ళతో తెంపి చూసేది. "ఇంకా పొగరుగా ఉంది. ముట్టుకుంటే తెగాలి" అనేది. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, మల్లెపూలు చూసినట్టు, వాసన చూసేది.

"అత్తా, ఆ చెయ్యి కడుక్కోండి, మీకు దణ్ణం పెడతాను."

"కడుక్కుంటానే. కంపు తెలియాలి కదా. ఇప్పుడిప్పుడే వస్తోంది."

మీ తాతయ్యకి చెప్పుకుంటే ఆయన నవ్వాడు. "నీ ముక్కు పడవ ముందు కట్టుకుంటే చేపలెక్కడున్నాయో చెప్పేస్తుంది" అన్నాడు. ఆయనకేం, పొద్దున్నే సముద్రం మీదకి పోతాడు. అక్కడ గాలి.

గాలివాన తరవాత ఒక ఆరోగ్యశాఖ ఆయన వచ్చి ఇంటికో సంచి బ్లీచింగ్ పౌడరు ఇచ్చి వెళ్ళాడు. బావిలో ఇంత వెయ్యండమ్మా, ఇంకెక్కడ కుళ్ళుకంపు వస్తే అక్కడ చల్లండి, క్రిములు చస్తాయి అని చెప్పాడు. ఆ పేటలో నాకు నచ్చిన మాట చెప్పిన మనిషి ఆయనొక్కడే. సగం సంచి ఇంకా పాకలో వేలాడుతోంది.

తొమ్మిదో రోజో పదో రోజో, మా అత్త చేపల గంప ఎత్తుకుని బజారుకి పోయింది. నాకు పొద్దున్నించీ వాంతులు. నీళ్ళు తాగితే నీళ్ళు, మజ్జిగ తాగితే మజ్జిగ. లేచి ఆ సంచి దింపాను. దింపి, గోతి చుట్టూ తిరిగి మొత్తం చల్లేశాను. అది చాలదన్నట్టు నీళ్ళు పోసి కర్రతో కలిపాను. రెండు రోజుల్లో బుడగలు ఆగిపోయాయి. పురుగులు పైకి తేలాయి. కంపు తగ్గింది. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను. చింతకాయ పచ్చడి, ఇప్పటికీ గుర్తు.

మా అత్తకి అనుమానమే. గోతి చుట్టూ తిరిగింది. "కాలవ మట్టిలో బలం లేదేమో" అంది. ఇంకో నాలుగు రోజులు చూసింది. వానల రోజులు దగ్గరకొస్తున్నాయి, ఇంక ఆగలేక అడుసు తొక్కడానికి నలుగురు ఆడవాళ్ళని పిలిచింది.

అందులో ఒకావిడ దిగీ దిగకుండానే అంది, "అదేంటొదినా, నీ అడుసు కంపు కొట్టట్లేదు?"

"దానికే కదా నేనూ ఏడుస్తున్నాను" అంది మా అత్త.

నేను వంకాయలు తరుక్కుంటూ కూర్చున్నాను.

గోడ ఒకేసారి లేపరు. చుట్టూ మూరెడు ఎత్తు ఒక వరస పెట్టి, మూడు నాలుగు రోజులు ఎండనిచ్చి, అప్పుడు దాని మీద ఇంకో వరస. మొదటి వరస పెట్టారు. నాలుగో రోజు పొద్దున్నే చూస్తే ఏముంది, చుట్టూ నెర్రెలు. గడ్డి మెత్తబడలేదు కదా, ముళ్ళపందిలాగ బయటికి పొడుచుకొచ్చింది. మా అత్త బొటనవేలితో నొక్కింది. పెచ్చు ఊడి వచ్చేసింది. దాన్ని చేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. మా అత్త ముక్కు సంగతి నీకు తెలీదు. గంప మీద గోనె తియ్యకుండా ఏ చేప ఏ రోజుదో చెప్పేది.

తరవాత పాకలోకి వచ్చి, సంచి వేలాడే కొక్కెం వైపు చూసింది.

"ఏం వేశావే?"

"క్రిములు చస్తాయన్నారత్తా."

"చచ్చాయి" అంది. "మరి గోడ పెట్టేదెవరు, నువ్వా?"

నేను ఏడుపు మొదలెట్టాను. తిడుతుందనుకున్నాను. మా అత్త తిట్లకి పడవల మీద మగాళ్ళే తల దించుకునేవాళ్ళు. తిట్టలేదు. నా ఎదురుగా కూలబడి, పమిటతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"మీ ఆయన పైన ఒకడు పుట్టాడే నాకు. ఇలాగే గాలివానకి ఇల్లు పోతే, తాటాకు పాకలో కన్నాను. వాన వారం రోజులు వదల్లేదు. పిల్లాడి కింద గుడ్డలు ఆరేవి కాదు. తొమ్మిదో రోజు ఎగశ్వాస పట్టుకుంది. పొడి గోడ ఒక్కటి, ఒక్క గోడ ఉంటే వాడు బతికేవాడు. నీకేమో కంపు కష్టంగా ఉంది."

అంతే చెప్పింది. లేచి వెళ్ళి పార తీసుకుని ఆ వరసంతా తనే పడగొట్టింది.

మళ్ళీ మట్టి, మళ్ళీ గడ్డి, మళ్ళీ పేడ. కానీ పదిహేను రోజులు కుళ్ళబెట్టే వ్యవధి లేదు. రోహిణి కార్తె వచ్చేస్తోంది. మా అత్త అంది, "పాలు త్వరగా తోడుకోవాలంటే ఏం చేస్తాం? తోడు ఎక్కువ వేస్తాం. దీనికీ అంతే. బాగా కుళ్ళిన అడుసు నాలుగు కుండలు తెచ్చి ఇందులో కలిపితే వారంలో అందుకుంటుంది."

అలాంటి అడుసు ఆ రోజుల్లో పేటలో ఒక్క ఇంట్లోనే ఉంది. ఆ చివర, కొబ్బరితోట పక్కన ఒక ముసలావిడది. ఆవిడకీ మా అత్తకీ వలలు ఆరేసుకునే చోటు దగ్గర గొడవై రెండేళ్ళుగా మాటల్లేవు.

"వాళ్ళ గుమ్మం నేను తొక్కను" అంది మా అత్త. "పాడు చేసింది నువ్వు. తోడు నువ్వే తెచ్చుకో."

నాకప్పుడు ఏడో నెల దాటింది. కుండ పట్టుకుని వెళ్ళాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. విషయం అప్పటికే పేటంతా తెలిసిపోయింది.

"ఏంటమ్మా నరసాపురం కోడలా, ఇటొచ్చావు? ఇక్కడ కంపు కదా."

"కొంచెం అడుసు కావాలండి. తోడుకి."

"ఇవాళేం వారం?"

"శుక్రవారమండి."

"శుక్రవారం తోడివ్వను."

"అది పెరుగుకి కదండీ?"

"తోడు తోడే. రేపు రా. వచ్చేటప్పుడు చేతిలో ఆ తెల్లపొడి గానీ లేకుండా చూసుకుని రా."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆవిడే దిగి కుండ ముంచింది. అడుసు నల్లగా, నిగనిగలాడుతూ, జిగురు సాగుతూ ఉంది. ఆ కంపు ఎలా చెప్పాలి నీకు? కళ్ళు మండాయి. ఆవిడ నా వైపు చూస్తూ, "మీ అత్తని అడిగానని చెప్పు" అంది. అని, కుండ తనే ఎత్తి నా చంకన పెట్టింది. పేట ఈ చివర నించి ఆ చివరకి నాలుగు సార్లు నడిచాను. కుండ అడుగున సన్నటి పగులుంది. చంక కింద నించి చీర మీదుగా, కాలి మీదుగా కారుతూనే ఉంది. గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఊరుకుంటారా? "ఏం సెంటే పిల్లా అది, నరసాపురం బజారులో దొరుకుతుందా?" అని ఒకావిడ. "కాదొదినా, సారెలో పెట్టారంట" అని ఇంకొకావిడ. నేను ఊపిరి బిగబట్టి నడిచాను. నాలుగు ఇళ్ళకొకసారి ఊపిరి తీసుకునేదాన్ని. తీసుకున్నప్పుడల్లా ఎందుకు తీసుకున్నానా అనిపించేది.

ఆరో రోజుకి మా గొయ్యి బుడగలు వేసింది. మా అత్త గడ్డిపోచ లాగితే నూలుపోగులాగ తెగింది. తొక్కే రోజు నేనూ దిగుతానన్నాను. ఎందుకన్నానో, ఆ పొడి చల్లిన చేతులకి నిద్ర పట్టట్లేదు. మా అత్త వద్దనలేదు. పట్టుకోవడానికి ఒక కర్ర పాతి, "మెల్లగా తొక్కు. జారావంటే చంపేస్తాను" అంది.

మోకాళ్ళ దాకా దిగబడింది. పైన వెచ్చగా, కింద చల్లగా. వేళ్ళ మధ్యనించి జిగురు, మధ్యమధ్యలో ఏదో మెత్తగా తగిలి జారిపోయేది. అది ఏంటో నేను చూడలేదు, నువ్వూ అడక్కు. పావుగంట ఓర్చుకున్నాను. తరవాత వాంతి అయిపోయింది. గోతిలోనే. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కన తొక్కుతున్నావిడ ఆగను కూడా ఆగలేదు. "పర్లేదులే, అదీ కలుస్తుంది" అంది. ఆ ఇంటి గోడలో అది కూడా ఉంది మరి. రాయి, ఫర్వాలేదు.

వరస మీద వరస లేచింది. రోహిణి ఎండలకి ఈసారి ఒక్క నెర్రె రాలేదు. పైన కప్పు మీ తాతయ్యా, ఆయన పడవలోవాళ్ళూ కట్టారు. కానీ గోడ లోపల ఆరిందో లేదో పైకి తెలీదు. మా అత్త నాకొక పని చెప్పింది. "రోజూ పొద్దున్నే గోడ చుట్టూ తిరిగి వాసన చూడు. తడి ఉన్నచోట కంపు ఉంటుంది. కంపు పోయేదాకా గోడ ఆరనట్టే. మా అందరి ముక్కుల కన్నా నీ ముక్కు గట్టిది."

దెప్పుతోందనుకున్నాను. కాదు, నిజంగానే చెప్పింది. నిండు గర్భిణిని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ పేడ గోడకి ముక్కు ఆనించి, జానెడు జానెడు జరుగుతూ చుట్టూ తిరిగేదాన్ని. కంపు తగిలినచోట బొగ్గుతో గీత పెట్టేదాన్ని. రోజురోజుకీ గీతలు తగ్గాయి. మృగశిర మొదటి వాన పడేటప్పటికి, తలుపు వెనక, ఉత్తరం పక్క, ఎండ తగలని చోట ఒక్కటే మిగిలింది. చాపంత ఉంటుంది. అది మాత్రం పోదు. మా అత్త రోజూ సాయంత్రం అక్కడ కొబ్బరిపీచు కుంపటి పెట్టేది. పొగకి నాకు దగ్గు.

ఆ చాపంత మేర ఆరకముందే నొప్పులొచ్చేశాయి. రేవు దాటి ఆసుపత్రికి పోదామంటే ఆ గాలికి పడవ వెయ్యనన్నారు. మంత్రసానిని పిలుచుకొచ్చారు. మా అత్త నా మంచం ఆ తడి గోడకి వీలైనంత దూరంగా, పొయ్యి వైపుకి జరిపించింది. మీ నాన్న పుట్టేసరికి బయట వాన కప్పు మీద పోస్తోంది. తరవాత నాలుగు రోజులు వదల్లేదు. మేం అంతకు ముందున్న తాటాకు పాకలో చీలమండల దాకా నీళ్ళు నిలిచాయని, ఎండు చేపలన్నీ బూజు పట్టాయని మీ తాతయ్య వచ్చి చెప్పాడు. లోపల మాత్రం మీ నాన్న కింద గుడ్డలు ఆరాయి. దండెం మీద వేస్తే పూటలో ఆరేవి. మా అత్త తొమ్మిదో రోజు రాత్రంతా కూర్చునే ఉంది. పిల్లాడి డొక్క మీద చెయ్యి వేసి, ఊపిరి చూసుకుంటూ. నేను నిద్రపోతున్నాననుకుంది. నేను పోలేదు.

పదకొండో రోజు స్నానం చేయించాక, మొదటిసారి లేచి నడిచాను. తిన్నగా తలుపు వెనక్కి వెళ్ళాను. గోడకి ముక్కు ఆనించాను. ఇంకోసారి చూశాను. ఏమీ లేదు. పొగ వాసన కొంచెం, అంతే.

"అత్తా, పోయింది."

మా అత్త వచ్చి తనూ ముక్కు ఆనించింది. చేత్తో గోడ తడిమింది. బొగ్గు గీత పమిటతో తుడిచేసింది.

"గోడది పోయింది" అంది. "నీ తెల్లపొడి వాసనే నా ముక్కులోంచి ఇంకా పోలేదు."

అలవాటు పడ్డావా నాన్నమ్మా అని మొన్న అడిగావు. పడలేదు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళున్నాను, ప్రతి శుక్రవారం నేనే అలికాను, ఒక్క శుక్రవారమూ ముక్కుకి గుడ్డ లేకుండా అలకలేదు. ఏడాదికోసారి గోడ మెత్తడానికి గొయ్యి వేసేవాళ్ళం, పొయ్యి మాత్రం ఆ పదిహేను రోజులూ నలభై అడుగుల దూరానికి మార్పించాను. తోడుకి ఎవరైనా కుండ పట్టుకుని వస్తే ఇచ్చేదాన్ని. శుక్రవారమైతే రేపు రమ్మనేదాన్ని.

చాలు, మూసెయ్యి ఆ పుస్తకం. ముందు ఆ గోళ్ళు చూపించు. మూడు రోజులైంది వచ్చి, ఇంకా మట్టి ఉంది అందులో. ఇలా తే, వాసన చూడనీ. ఛీ, ఏ వాసనా లేదు. చెప్పానా, ఆ గోడ నిలబడదు.